ఖిలా వరంగల్‌లోని స్వయంభూ దేవాలయ ప్రాంగణం

వరంగల్ రైల్వేస్టేషనుకు దక్షిణంగా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, కాకతీయుల రాతికోట నడిమధ్య, నాలుగు శిలాతోరణాల నడుమ ఉన్న శిథిల ప్రాంగణం ఇది. కాకతీయుల రాజదైవమైన స్వయంభూ శివుడి ఆలయం ఇక్కడే ఉండేది. 14వ శతాబ్దిలో గుడి నేలమట్టమైంది. నాలుగు దిక్కుల తోరణాలు మాత్రం నిలిచి ఉన్నాయి. వీటిని కీర్తి తోరణాలనీ, హంస తోరణాలనీ, కాకతీయ కళాతోరణాలనీ పిలుస్తారు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కడం వల్ల తోరణం బొమ్మ తెలియనివారు ఇప్పుడు లేరు. అది ఏ గుడికి తోరణమో తెలిసినవారు మాత్రం తక్కువ. ఖిలా వరంగల్‌కు వచ్చే యాత్రికుల్లో చాలామంది తోరణం ముందు నిలబడి ఫొటో దిగి, వెనక ఉన్న రాళ్ల కుప్పలను పట్టించుకోకుండా తిరిగి వెళ్తారు. చూడవలసిన అసలు స్థలం ఆ రాళ్ల మధ్యనే ఉంది.

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిన ఈ నగరం చదువుల ఊరు. 1959లో ఇక్కడ రీజినల్ ఇంజనీరింగ్ కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. నేటి ఎన్‌ఐటీ అదే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, 2014లో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఐరోపాలో పాత విశ్వవిద్యాలయ నగరానికి వెళ్లిన వారెవరైనా ముందు అక్కడి గోథిక్ చర్చిని చూసి వస్తారు. ఆ ఊరి చరిత్ర అంతా దాని రాళ్లలో ఉంటుంది కాబట్టి. వరంగల్‌లో కూడా చర్చిలున్నాయి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్ది చివరిలోనే అడుగుపెట్టింది. 1952లో ఏర్పడిన వరంగల్ కథోలిక మేత్రాసనానికి కాజీపేట ఫాతిమానగర్‌లో ప్రధాన దేవాలయం ఉంది. అయితే ఊరి చరిత్రను మోస్తున్న ప్రార్థనాస్థలం ఏదంటే కోట మధ్యలోని ఈ బోసి ప్రాంగణాన్నే చూపించాలి. గోథిక్ ప్రస్తావన ఊరికే రాలేదు. ఆ ప్రాంగణం పక్కనే ఉన్న మరో కట్టడం దగ్గర దాంతో మళ్లీ పని పడుతుంది.

ఊరు, గుడి, గోడలు

కాకతీయులు మొదట హనుమకొండ నుంచి ఏలారు. అక్కడి వేయిస్తంభాల గుడిని 1163లో రుద్రదేవుడు కట్టించాడు. కొత్త రాజధాని ఓరుగల్లుకు పునాది పడింది కూడా ఆయన కాలంలోనే. రాతికోట పని గణపతిదేవుడి ఏలుబడిలో (1199–1262) పూర్తయింది. ఆయన కూతురు రుద్రమదేవి గోడ ఎత్తు పెంచి, బురుజులు చేర్చి, లోపలి వైపు పొడవునా మెట్లు కట్టించింది. శత్రువు ఎటు నుంచి వచ్చినా సైనికులు ఒక్క ఉరుకులో గోడ మీదికి ఎక్కగలిగేలా చేసిన ఏర్పాటు అది. ఆమె తరువాత దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు 1289 నుంచి 1323 వరకు ఏలాడు.

గుడి పుట్టుకకు ఒక కథ ఉంది. రెండో ప్రోలరాజు కాలంలో ధాన్యం బండి ఒకటి ఇక్కడ ఒరిగిపోయిందట; చక్రపు ఇనుపపట్టా ఏదో రాతికి తగిలి బంగారంగా మారిందట. తవ్వి చూస్తే పరుసవేది లింగం బయటపడింది, దాని చుట్టూ గుడి, గుడి చుట్టూ ఊరు లేచాయి. ప్రతాపరుద్ర చరిత్రం వంటి తరువాతి గ్రంథాలు చెప్పే కథ ఇది. చరిత్రగా దీన్ని తీసుకోలేం. కానీ ఈ ఊరి వాళ్లు తమ నగరాన్ని ఎలా ఊహించుకున్నారో ఈ కథ చెబుతుంది: ముందు లింగం, తరువాత రాజు, ఆ తరువాత కోట.

కోట పటం చూసినా అదే వరుస కనిపిస్తుంది. దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా రాతిగోడ. దానికి 45 బురుజులు, చుట్టూ నీటి కందకం, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. దాని బయట దాదాపు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట. ఇంకా బయట, హనుమకొండ వైపు దాకా సాగిన మరో మట్టికట్ట ఆనవాళ్లు. ఈ వలయాలన్నిటికీ నడిబిందువు స్వయంభూ ఆలయం. రాతిగోడలో సున్నం లేదు, గచ్చు లేదు. పెద్ద పెద్ద గ్రానైటు బండలను ఒకదాని మీద ఒకటి ఒరుపుగా కూర్చారు. మట్టికోటను తేలికగా తీసిపారేసేవాళ్లు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. 1309–10లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడిని వర్ణించిన కవి అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టితనాన్ని ప్రత్యేకంగా చెప్పుకొచ్చాడు. రాయి దెబ్బకు పగులుతుంది, దిమ్మిస కొట్టిన మట్టి ఆ దెబ్బను మింగేస్తుంది.

కోటలోకి నేటికీ ఆ పాత ద్వారాల గుండానే దారి. నేరుగా లోపలికి పోయే వీలుండదు. ఒకసారి మలుపు తిరిగి, మళ్లీ మలుపు తిరిగి రావాలి. ఏనుగులు, గుర్రపు దళాలు వేగంగా దూసుకురాకుండా చేసిన ఉపాయం ఇది. ఇప్పుడు అదే మలుపులో ఆటోలు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ ఉంటాయి. తరువాతి పాలకులు ఈ ద్వారాలను బాగుచేసినప్పుడు పాత గుళ్ల చెక్కడపు రాళ్లను కూడా వాడారు కాబట్టి, ద్వారం గోడలను నెమ్మదిగా చూస్తూ వస్తే మంచిది. కోటలోపల ఊరు ఉంది, ఇళ్లు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి. పురాతత్వ శాఖ కంచె వేసిన మేరకే స్మారకం అనుకుంటే పొరపాటు.

నాలుగు తోరణాలు

ఒక్కో తోరణం ఎత్తు దాదాపు 30 అడుగులు. తూర్పు పడమరలకు, ఉత్తర దక్షిణాలకు ఎదురెదురుగా నిలిచిన ఈ నాలుగూ కాస్త అటూఇటుగా ఒకే రకంగా ఉంటాయి. ఎదురెదురు తోరణాల మధ్య దూరం 150 మీటర్ల లోపే. జంట స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా ముందుకు వచ్చే రాతి మోపులు, వాటి మీద బరువైన అడ్డదూలం. దూలం కింద వేలాడే పద్మపు మొగ్గలు, అల్లిన దండలు, పైన ఆకుతీగల్లాంటి తోకలతో హంసలు, మకరాలు, సింహాలు. వీటికి తలుపులు లేవు, తలుపు బిగించిన జాడ కూడా లేదు. ఎవరినీ ఆపడానికి కట్టినవి కావివి. ఇటు నుంచి దేవుడి ఆవరణ మొదలవుతుందని చెప్పడానికి కట్టినవి.

నిర్మాణపరంగా తోరణం చాలా పాత పద్ధతి. రెండు నిలువు రాళ్ల మీద ఒక అడ్డరాయి. సాంచీ స్తూపం ద్వారాలు కూడా ఈ కుటుంబానివే. అక్కడ రాతి పనివాడు చెక్క ద్వారాన్ని రాతిలో తిరగరాశాడు. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. రాయి ఎంత బరువైనా మోస్తుంది కానీ వంగలేదు. అడ్డదూలం పొడవు పెరిగేకొద్దీ దాని అడుగు భాగం సాగినట్టయి పగులుతుంది. కాబట్టి ఈ పద్ధతిలో కట్టేవాడికి విశాలమైన లోపలి గది దొరకదు, స్తంభాల అడవి దొరుకుతుంది. వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి మండపాల అందం ఆ అడవిలోంచి పుట్టిందే. ఓరుగల్లు శిల్పి తోరణం దగ్గర చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ ఏటవాలు మోపులతో దూలం దాటవలసిన దూరాన్ని తగ్గించాడు, అదే సమయంలో మోపులనే అలంకారంగా మార్చాడు. బరువు మోసేది ఏదో, కంటికి ఇంపుగా ఉండేది ఏదో వేరు చేసి చెప్పలేం.

తోరణాల మీద ఏ దేవుడి మూర్తీ లేదు. హంసలు, మొగ్గలు, మకరాలు ఉన్నాయి గాని శివుడు లేడు, నంది లేడు. అందువల్లే ఇవి బతికాయని తరచు అంటుంటారు. అది సగం జవాబు మాత్రమే.

మధ్యలో ఏముంది

తోరణాల నడుమ నేల అంతటా చెక్కిన రాళ్లు: స్తంభాల ముక్కలు, పైకప్పు పలకలు, నందులు, ద్వారశాఖలు. కొన్నింటిని పురాతత్వ శాఖ వరుసలుగా పేర్చి ఉంచింది. ఆలయపు పీఠం ఆనవాలు కనిపిస్తుంది. చూసే పద్ధతి ఒకటి చెప్పాలంటే, తూర్పు తోరణం కింద నిలబడి పడమటి తోరణాన్ని చూడాలి. తరువాత ఉత్తరం నుంచి దక్షిణాన్ని. ఆ రెండు చూపులూ కలిసే చోట ఒకప్పుడు గర్భగుడి ఉండేదని అప్పుడు కంటికి తడుతుంది. ఇక్కడ పూజలందుకున్నది నాలుగు ముఖాల లింగం. నాలుగు దిక్కులా చూసే దేవుడికి నాలుగు దిక్కులా తోరణాలు. ఈ ప్రాంగణానికి దగ్గరలోనే ఉన్న చిన్న శంభుని గుడిలో నాలుగు ముఖాల లింగం ఉంది. అసలు లింగం అదేనన్నది స్థానికుల నమ్మకం, పరిశోధకులు కూడా ఆ మాటను కొట్టిపారేయలేదు. తోరణాలు చూసి వెళ్లిపోయేవారు సాధారణంగా తప్పిపోయే గుడి ఇదే. అక్కడ ఇప్పటికీ దీపం వెలుగుతోంది, ఇక్కడ టికెట్టు కౌంటరు ఉంది.

1323 తరువాత

ఢిల్లీ సేనలు ఓరుగల్లు మీదికి మొదట 1303లో వచ్చి ఓడిపోయాయి. 1309–10లో మాలిక్ కాఫూర్ కప్పం తీసుకుని వెళ్లాడు. చివరికి 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనం ఎక్కినవాడు, కోటను పట్టుకున్నాడు. ప్రతాపరుద్రుడిని ఢిల్లీకి తరలిస్తుండగా ఆయన దారిలో నర్మదా తీరాన చనిపోయాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. స్వయంభూ ఆలయం కూలింది అప్పుడే.

ఆ తరువాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఈ ప్రాంగణంలోనే తుగ్లకులు జామీ మసీదు కట్టారని చరిత్రకారులు రిచర్డ్ ఈటన్, ఫిలిప్ వాగనర్ నిర్ధారించారు. గుడిని కూల్చినవారు దాని తోరణాలను మాత్రం ఉంచుకున్నారు. వాళ్లు ఉంచుకోదలచుకున్నారు కాబట్టే అవి నిలిచాయి. మూర్తులు లేకపోవడం ఆ నిర్ణయాన్ని సులువు చేసి ఉంటుంది. నగర కేంద్రానికి నాలుగు వైపులా నాలుగు ద్వారాలనే అమరికలో అధికారం కనిపించింది వాళ్లకు. దేవుడు మారాడు, ఆవరణ హద్దులు మారలేదు. 2014లో వెలువడిన తమ పుస్తకంలో ఈ ఇద్దరూ దక్కన్‌లోని మరికొన్ని పాత స్థలాలనూ ఇదే చూపుతో పరిశీలించారు: పాతదాన్ని ధ్వంసం చేయడం, పాతదాన్ని వాడుకోవడం ఒకే చేతి పనులు కావచ్చునని.

కుష్ మహల్

ప్రాంగణానికి పడమటి పక్కన ఒంటరిగా నిలిచిన హాలు కుష్ మహల్. దాదాపు 38 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల ఎత్తు. 16వ శతాబ్ది మొదట్లో ఈ కోటను ఏలిన షితాబ్ ఖాన్ దర్బారు అని చాలాకాలం చెప్పుకున్నారు. గోడలు కింద వెడల్పుగా ఉండి పైకి పోయేకొద్దీ లోపలికి వాలడం, లోపలి కమానుల తీరు, ఢిల్లీలోని తుగ్లకాబాద్ కట్టడాలతో ఉన్న పోలిక చూసి ఇది 14వ శతాబ్ది నాటి తుగ్లక్ దర్బారు మందిరమని ఇప్పుడు ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకుంటున్నారు.

తోరణాల నుంచి నడిచి వచ్చి ఈ హాలులోకి అడుగుపెడితే మరో లోకం. స్తంభం ఒక్కటీ లేదు. హాలు వెడల్పంతా ఒక్క దాటులో దాటుతూ పెద్ద పెద్ద మొనకమానులు వరుసగా నిలిచాయి. వాటి మీద దూలాలు పరిచి పైకప్పు వేశారు. ఆ కప్పులో చాలాభాగం పోయింది కాబట్టి ఇప్పుడు కమానుల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తుంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఏ రాయీ వంగనక్కరలేదు. దూలం దాటలేని దూరాన్ని కమాను అందుకే దాటగలదు. దానికి బదులుగా అది గోడలను పక్కలకు తోస్తుంది. ఆ తోపును తట్టుకోవడానికే ఈ హాలు గోడలు అంత మందంగా, అంత వాలుగా ఉన్నాయి.

గోథిక్ చర్చి కట్టినవారి ముందున్న లెక్క కూడా ఇదే. 1194లో అగ్నిప్రమాదం జరిగాక ఫ్రాన్సులోని షార్త్ర్ చర్చిని తిరిగి కట్టడం మొదలుపెట్టారు. గణపతిదేవుడు గద్దెనెక్కడానికి ఐదేళ్ల ముందు. వాళ్లు ఎత్తు కోసం, వెలుతురు కోసం గోడలను పలచన చేసి, ఆ తోపును బయట కట్టిన రాతి మోపుల మీదికి నెట్టారు. కాని గోథిక్ అంతా షార్త్ర్ కాదు. బార్సెలోనాలో 1302లో మొదలైన శాంతా ఆగతా రాచ ప్రార్థనాలయం లోపల అడ్డంగా వరుస మొనకమానులు, వాటి మీద చెక్క కప్పు, మధ్యలో స్తంభం లేని ఒకే హాలు. కుష్ మహల్‌ను చూసినవారికి అది పరిచయమైన గదిలాగే అనిపిస్తుంది. రెండూ ఒకే శతాబ్దివి. ఒకరిని చూసి ఒకరు కట్టారనడానికి ఏ ఆధారమూ లేదు, ఆ అవసరమూ లేదు. విశాలమైన హాలు కావాలి, పైకప్పుకు చెక్క ఉంది అన్నప్పుడు మేస్త్రీ చేతికి తట్టే దారుల్లో ఇదొకటి.

తెలంగాణలో అసలు సిసలు గోథిక్ పద్ధతి చర్చి చూడాలంటే మెదక్ వెళ్లాలి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ పూనికతో 1914లో మొదలై 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన ఆ చర్చి 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గంటస్తంభం 175 అడుగులు. కరువు రోజుల్లో ఆ నిర్మాణం చుట్టుపక్కల జనానికి కూలి, కూడు పెట్టింది. కుష్ మహల్ చూసిన కళ్లతో మెదక్ చర్చి లోపలి కమానులను చూస్తే, అవి దేశానికి అప్పుడే కొత్తగా వచ్చినవన్న భావన పోతుంది. మొనకమాను తెలంగాణ నేల మీదికి ఆరు వందల ఏళ్ల ముందే వచ్చింది.

ఒక పాత యాత్ర

ఓరుగల్లు ఎలా తిరిగి చూడాలో చెప్పిన తెలుగు కావ్యం ఉంది: క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న ఈ వీథి రూపకానికి కర్త శ్రీనాథుడా అనే వాదం ఇప్పటికీ తెగలేదు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలం. మంచన శర్మ, అతని స్నేహితుడు టిట్టిభ సెట్టి తెల్లవారగానే ఓరుగల్లులో ప్రవేశించి రాత్రిదాకా తిరుగుతారు. కోట, కందకం, గుళ్లు, పూటకూళ్లింటి భోజనం, కోడిపందెం, పొట్టేళ్ల పోరు, ఏకవీర గుడి ముందు పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి చిత్రశాల, అన్నీ వాళ్ల దారిలో వస్తాయి. వాళ్లకు గుడి ఎంత ముఖ్యమో కోడిపందెం కూడా అంతే ముఖ్యం. స్మారకాల పటం చేతపట్టుకుని, గుర్తుపెట్టిన చోట్ల మాత్రమే ఆగే నేటి యాత్రికుడికి లేని తీరిక వాళ్లకుంది. ఊరు చూడడమంటే ఊరి జనాన్ని చూడడమని వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

తోరణం వెళ్లిన దూరం

ముసునూరి కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తిరిగి పట్టుకున్నాడు. తరువాత అది రేచర్ల వెలమల, బహమనీల చేతులు మారింది. 1504లో షితాబ్ ఖాన్ (ఇతని తెలుగు పేరు సీతాపతి) కోటను గెలిచి, పోయిన దేవతామూర్తులను మళ్లీ ప్రతిష్ఠించినట్టు ఇక్కడి శాసనంలో చెప్పుకున్నాడు. ముస్లిం బిరుదు ధరించిన తెలుగు నాయకుడు కాకతీయుల వారసత్వాన్ని ఎత్తుకున్న ఆ ఘటనకు మన పాఠ్యపుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు. కొద్ది ఏళ్లకే గోల్కొండ సుల్తాన్ కులీ అతన్ని ఓడించాడు.

సుల్తాన్ కులీ వంశస్థులైన కుతుబ్‌షాహీలే 1591లో హైదరాబాదును నిర్మించినప్పుడు చార్మినార్‌కు ఉత్తరాన చార్ కమాన్లు కట్టారు: ఒక చౌకానికి నాలుగు దిక్కులా నాలుగు ఎత్తైన కమానులు. ఆ అమరిక వెనక ఓరుగల్లు నాలుగు తోరణాల జ్ఞాపకం ఉందని ఈటన్, వాగనర్ల వాదన. చార్మినార్‌ను ప్రేమకానుకగానో ప్లేగు నివారణ మొక్కుగానో చెప్పే కథల కంటే ఈ వాదనలో సరుకు ఎక్కువ ఉంది. తెలంగాణ చిహ్నం 2014లో తోరణం కింద చార్మినార్‌ను పెట్టి గీసినప్పుడు రెండు మతాలను పక్కపక్కన చూపారని అందరూ అర్థం చేసుకున్నారు. ఈ పరిశోధన ప్రకారం చూస్తే ఆ రెండూ ఒకే నగర రచనకు రెండు రూపాలు. 2024లో చిహ్నాన్ని మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు జరిగిన రచ్చలో రాచరికం గురించి, ఆత్మగౌరవం గురించి మాటలు చాలా వినిపించాయి. ఈ కోణం దాదాపు వినబడలేదు.

వేయిస్తంభాల గుడి, రామప్ప గుడితో పాటు ఈ కోటను, తోరణాలను 2010లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. 2021లో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది రామప్ప గుడికి ఒక్కదానికే. శిథిలం కన్నా నిలిచి ఉన్న గుడిని చూపడం తేలిక. పైగా ఖిలా వరంగల్ చుట్టూ జనం కాపురం ఉన్నారు, ఇళ్లకూ స్మారకానికీ మధ్య హద్దుల తగాదాలున్నాయి.

చూడదలచినవారు పొద్దున్నే రావడం మేలు. ఎండ ఎక్కాక నల్లరాతి చెక్కడంలో నీడలు పోతాయి. ఏకశిల గుట్ట మీదికి ఎక్కితే కోట వలయం కంటికి దొరుకుతుంది. తోరణాలు, శంభుని గుడి, కుష్ మహల్ ఈ వరుసలో చూస్తే పైన చెప్పిన కథ క్రమంలో అర్థమవుతుంది. సాయంత్రం పర్యాటక శాఖ ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. అందులో రాజుల పేర్లు, యుద్ధాలు వినిపిస్తాయి.